తల్లుల మీదుగా నడిచిన రాజ్యాలు: మధ్యయుగ స్పెయిన్‌లో వారసత్వం

సభకు నమస్కారం.

మధ్యయుగ స్పెయిన్‌లో రాజ్యం ఎవరికి దక్కాలన్న ప్రశ్న ఎలా తేలుతూ వచ్చిందో చెప్పమని నన్ను పిలిచారు. ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. ఆ కాలంలో స్పెయిన్ అన్నది ఒక ద్వీపకల్పానికి పేరే కానీ ఒక రాజ్యానికి పేరు కాదు. దక్షిణాన ముస్లిం పాలకుల రాజ్యాలు ఉండగా, ఉత్తరాన లియోన్, కాస్టీల్, నవర్రా, అరగాన్ అనే క్రైస్తవ రాజ్యాలు, కౌంటు అనే ప్రభువులు ఏలే బార్సిలోనా వంటి సంస్థానాలు, ఆ తర్వాతి కాలంలో పోర్చుగల్ పక్కపక్కనే పెరిగాయి. వీటిని ఏలినవాళ్లు ఒకరికొకరు అన్నదమ్ములు, బావమరుదులు, మేనమామ మేనల్లుళ్లు. కాబట్టి సరిహద్దు యుద్ధం అని చరిత్రలో చదువుకునేది చాలాసార్లు దాయాదుల ఆస్తి తగాదాయే. ఇంకొక చిక్కు పేర్లతో ఉంది. అందరూ అల్ఫోన్సోలు, సాంచోలు, ఫెర్నాండోలే. పేరు పక్కన ఉన్న అంకెను గుర్తుపెట్టుకోవాలని తంటాలు పడకండి. ఎవరు ఎవరికి ఏమవుతారో పట్టుకుంటే చాలు.

వంశవృక్షం గీసేటప్పుడు సాధారణంగా తండ్రి నుంచి కొడుకుకు గీత గీసుకుంటూ పోతాం. ఈ రాజ్యాల విషయంలో ఆ గీతనే నమ్ముకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. రెండు రాజ్యాలు ఒకటైన పెద్ద సందర్భాలు దాదాపు అన్నిటిలోనూ మధ్యలో ఒక స్త్రీ హక్కు ఉంది. ఆ హక్కును ఆమె చేతిలో ఉండనివ్వకుండా భర్తకో కొడుకుకో మళ్లించే ప్రయత్నమూ ఉంది. ఈ రెండూ ఎలా కలిసి నడిచాయో నాలుగైదు ఉదాహరణలతో చెప్పాలని నా ఉద్దేశం.

పదకొండో శతాబ్దంతో మొదలుపెడదాం. నవర్రా రాజు మూడవ సాంచో 1035లో మరణించేనాటికి ఉత్తర స్పెయిన్‌లో అతనిని మించిన ప్రభువు లేడు. పెద్దకొడుకు గార్సియాకు పిత్రార్జితమైన నవర్రా దక్కింది. రాణికి పుట్టని కొడుకు రామిరోకు అరగాన్ దక్కింది. ఇంకొక కొడుకు ఫెర్నాండోకు కాస్టీల్ ఎలా వచ్చిందో చూడండి. అతని తల్లి మునియాదోనా కాస్టీల్ కౌంటు ఇంటి ఆడపడుచు. ఆమె తమ్ముడు, యువ కౌంటు గార్సియా, 1029లో లియోన్ రాజు చెల్లెలు సాంచాను పెళ్లాడడానికి లియోన్ నగరానికి వెళ్లి, అక్కడ పాత పగవాళ్ల చేతిలో హతుడయ్యాడు. పుట్టింట మగ వారసుడు లేకపోవడంతో కాస్టీల్ హక్కు మునియాదోనాకు, ఆమె ద్వారా ఫెర్నాండోకు వచ్చింది. మేనమామ పెళ్లాడవలసిన ఆ సాంచానే తర్వాత ఫెర్నాండో పెళ్లాడాడు. 1037లో తమరోన్ దగ్గర జరిగిన యుద్ధంలో ఆమె అన్న, లియోన్ రాజు మూడవ బెర్ముదో, బావమరిది ఫెర్నాండోతోనే తలపడి సంతానం లేకుండా మరణించాడు. లియోన్ హక్కు సాంచాది. కిరీటం ఫెర్నాండో తలమీదికి వచ్చింది. అంటే మనం మొదటి ఫెర్నాండో అని పిలుచుకునే రాజుకు ఒక రాజ్యం తల్లి వల్ల, ఇంకొకటి భార్య వల్ల సంక్రమించాయి. తండ్రి వల్ల వచ్చింది ఆ పెళ్లిళ్లు కుదిర్చేటంత పలుకుబడి మాత్రమే.

ఈ ఫెర్నాండో 1065లో మరణిస్తూ రాజ్యాన్ని మళ్లీ ముక్కలు చేశాడు. పెద్దవాడు సాంచోకు కాస్టీల్, రెండోవాడు అల్ఫోన్సోకు లియోన్, చిన్నవాడు గార్సియాకు గలీసియా. కూతుళ్లు ఉర్రాకా, ఎల్వీరాలకు రాజ్యంలోని మఠాల మీద ఆధిపత్యం ఇచ్చాడు, అయితే పెళ్లి చేసుకోకుండా ఉండాలని షరతు. ఆడపిల్ల పెళ్లి చేసుకుంటే ఆస్తి అల్లుడి ఇంటికి పోతుందన్న భయం మనకు తెలియనిది కాదు. తల్లి సాంచా బతికి ఉన్నంతకాలం అన్నదమ్ములు ఒకరిమీద ఒకరు కత్తి దూయలేదు. 1067లో ఆమె పోయింది. ఆ మరుసటి ఏడే కయ్యం మొదలైంది. 1072లో సాంచో గెలిచి అల్ఫోన్సోను దేశం నుంచి వెళ్లగొట్టాడు కానీ, అదే ఏడు అక్టోబరులో అక్క ఉర్రాకా అధీనంలో ఉన్న సమోరా నగరాన్ని ముట్టడిస్తూ కోట గోడల ముందే హత్యకు గురయ్యాడు. అల్ఫోన్సో తిరిగివచ్చి మూడు రాజ్యాలనూ తీసుకున్నాడు. తమ్ముడు గార్సియాను లూనా కోటలో బంధించాడు. గార్సియా 1090లో ఆ చెరలోనే కన్నుమూశాడు.

1085లో తొలెదో నగరాన్ని గెలుచుకున్న ఆరవ అల్ఫోన్సో ఇతనే. ఇంత సాధించినవాడికీ మగపిల్లవాడి లోటు తప్పలేదు. ఎన్ని పెళ్లిళ్లు చేసుకున్నా ఉన్న ఒక్క కొడుకు, సెవిల్ రాజవంశపు కోడలైన సైదా అనే ముస్లిం స్త్రీకి పుట్టిన సాంచో. ఆ కుర్రవాడు 1108లో ఉక్లేస్ యుద్ధంలో మరణించాడు. మరుసటి ఏడు తండ్రి కూడా పోవడంతో రాజ్యం పెద్ద కూతురు ఉర్రాకాకు వచ్చింది. అప్పటికే ఆమె వితంతువు, ఒక కొడుకుకు తల్లి. ఆమె చేత అరగాన్ రాజు మొదటి అల్ఫోన్సోను మనువాడించారు. పెళ్లి పొసగలేదు, పిల్లలు కలగలేదు, కొన్నేళ్లకే విడిపోయారు. అయినా ఆమె 1126లో మరణించేదాకా పదిహేడేళ్లు, భర్తతోనూ, సొంత కొడుకు పక్షం చేరిన ప్రభువులతోనూ, పోర్చుగల్‌ను ఏలుతున్న సవతి చెల్లెలు తెరేసాతోనూ తలపడుతూనే రాజ్యం నిలబెట్టుకుంది. ఆనాటి మతాధికారుల రాతల్లో ఆమె మీద చాలా విసుగు కనిపిస్తుంది. నా మటుకు నాకు ఆ విసుగే ఆమె సమర్థతకు సాక్ష్యంగా తోస్తుంది. చెప్పినట్టు వినే రాణి మీద ఎవరూ అన్ని పేజీలు ఖర్చుపెట్టరు.

ఇప్పుడు ఆ విడిపోయిన భర్త దగ్గరకు వద్దాం. అరగాన్ రాజు మొదటి అల్ఫోన్సోకు యుద్ధవీరుడని బిరుదు. సంతానం లేదు. 1131లో బయోన్ నగరాన్ని ముట్టడిస్తూ రాయించిన వీలునామాలో తన రాజ్యం మొత్తాన్ని మూడు సమాన భాగాలుగా జెరూసలేమ్‌లోని పవిత్ర సమాధి సంరక్షకులకు, హాస్పిటల్, టెంప్లర్ అనే యోధ సన్యాసుల సంఘాలు రెంటికీ రాసిచ్చేశాడు. ఒక రాజు తన రాజ్యాన్ని పొలం పుట్ర రాసిచ్చినట్టు మత సంఘాలకు రాసివ్వడం చరిత్రలో అరుదు. 1134లో ఫ్రాగా దగ్గర ఓడిపోయి, కొద్దివారాలకే మరణించాడు. మరణానికి కొన్ని రోజుల ముందు కూడా అదే వీలునామాను ఖాయపరిచాడు గనుక, అది ఏదో ఆవేశంలో రాసింది అనడానికి వీల్లేదు.

ప్రభువులు ఆ వీలునామాను పక్కన పెట్టారు. నవర్రావాళ్లు ఇదే అదనుగా విడిపోయి గార్సియా రామిరెస్‌ను రాజును చేసుకున్నారు. తండ్రి వైపు అతనిది పాత నవర్రా రాజవంశమే కానీ సక్రమ వివాహం కాని శాఖ. తల్లి వైపు చూస్తే, ఎల్ సిద్ అని ప్రసిద్ధుడైన కాస్టీల్ యోధుడు రోద్రిగో దియాస్‌కు సాక్షాత్తూ దౌహిత్రుడు. అరగాన్‌వాళ్లు మరణించిన రాజు తమ్ముడు రామిరోను తెచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టారు. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. రామిరో చిన్నప్పుడే మఠానికి సమర్పితుడైన సన్యాసి. అప్పటికి బిషప్‌గా ఎన్నికై ఉన్నాడు. వంశం నిలబెట్టడానికి ఆ సన్యాసి చేత 1135లో అక్విటైన్ డ్యూక్ ఇంటి ఆడపడుచు ఆగ్నెస్‌ను పెళ్లాడించారు. ఆమె అప్పటికే మగపిల్లల్ని కన్న వితంతువు. పెళ్లికూతుర్ని ఎంచడంలో పెద్దల ఆలోచన ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 1136లో ఆడపిల్ల పుట్టింది, పేరు పెట్రోనిలా.

1137 ఆగస్టు 11న బర్బాస్ట్రోలో, ఏడాది నిండిందో లేదో అన్న ఆ పసిపిల్లను బార్సిలోనా కౌంటు నాలుగవ రామోన్ బెరెంగెర్‌కు నిశ్చయం చేశారు. వరుడికి ఇరవై మూడో ఇరవై నాలుగో ఏళ్లు. కూతురితో పాటు రాజ్యాన్నీ అతనికి అప్పగిస్తున్నట్టు రామిరో పత్రం రాశాడు. ఒకవేళ పిల్ల అకాలమరణం పాలైతే, తన తదనంతరం రాజ్యం అల్లుడిదే అవుతుందని అందులో స్పష్టంగా ఉంది. అంటే పెళ్లి జరగకముందే, పెళ్లికూతురు లేకపోయినా చెల్లేటట్టు రాసుకున్న ఒప్పందం అది. రామిరో కొన్నాళ్లకు హువెస్కాలోని సాన్ పెద్రో మఠానికి తిరిగి వెళ్లాడు. 1157లో చనిపోయేదాకా రాజు అన్న బిరుదు మాత్రం వదులుకోలేదు. ఆగ్నెస్ తన ఊరికి వెళ్లిపోయింది. అల్లుడు అరగాన్‌కు రాజు అనిపించుకోలేదు, అధిపతి అన్న బిరుదుతోనే సంతృప్తిపడ్డాడు. మత సంఘాలతో కూర్చుని మాట్లాడి, కోటలు, ఆదాయాలు ఇచ్చి, 1140 నుంచి 1143 లోపు వాళ్ల హక్కు వదిలించుకున్నాడు. నిశ్చయమైన పదమూడేళ్లకు, 1150లో వివాహం జరిగింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆపేసే పత్రం 1152 ఏప్రిల్ 4 నాటిది. పెట్రోనిలాకు అప్పటికి పదహారేళ్లు నిండలేదు. బార్సిలోనాలో పురిటి నొప్పులు పడుతూ పడక మీద నుంచి రాయించిన వీలునామా అది, ఆ సంగతి అందులోనే చెప్పి ఉంది. తన కడుపులో ఉన్న బిడ్డ దేవుని దయవల్ల మగవాడైతే, అరగాన్ రాజ్యం మొత్తం ఆ బిడ్డకు చెందాలి. అయితే భర్త బతికి ఉన్నంతకాలం రాజ్యం అతని అధీనంలోనే ఉండాలి. ఆ బిడ్డ దక్కకపోతే రాజ్యం భర్తది. మరి ఆడపిల్ల పుడితే? తండ్రి ఆమెకు తగిన సొమ్ము, సారె ఇచ్చి గౌరవంగా ఒక అయ్య చేతిలో పెట్టాలి. రాజ్యం మాత్రం భర్తకే ఉండాలి. తాను ఆడపిల్లగా పుట్టి రాజ్యానికి వారసురాలైన స్త్రీ, ఆ హక్కు ఉండబట్టే ఆ పత్రం రాయగలిగిన స్త్రీ, తన కడుపున పుట్టబోయే ఆడపిల్లకు అదే హక్కు లేకుండా చేస్తోంది. ఆ మాటలు నిజంగా ఆమెవా, పక్కన నిలబడ్డ భర్తవా, భర్త కొలువులోని రాయసగాళ్లవా అన్నది ఎవరి ఊహ వారిది. చట్టం దృష్టిలో మాత్రం అవి ఆమె మాటలే.

ఆ ప్రసవం నుంచి ఆమె బతికి బయటపడింది. భర్త 1162లో పోయాడు. 1164లో ఆమె అరగాన్‌ను కొడుకుకు ఒప్పగిస్తూ మరో పత్రం రాసింది. తండ్రి వీలునామాలో రామోన్ అని ఉన్న ఆ పిల్లవాడిని ఈ పత్రంలో అల్ఫోన్సో అని పిలిచారు. అరగాన్ ప్రజలకు పరిచితమైన పేరు కావాలి గనుక, రాజ్యాన్ని మత సంఘాలకు రాసిచ్చిన ఆ పెద్ద తాతగారి పేరే చివరికి అక్కరకు వచ్చింది. తల్లి వల్ల అరగాన్, తండ్రి వల్ల బార్సిలోనా ఒకే మనిషికి సంక్రమించాయి. ఆ తర్వాత మధ్యధరా సముద్రం మీద శతాబ్దాల పాటు వెలిగిన అరగాన్ సామ్రాజ్యానికి పునాది ఆ పసిపిల్ల నిశ్చితార్థమే.

ఇక కాస్టీల్ సంగతి. ఉర్రాకా కొడుకు ఏడవ అల్ఫోన్సో 1157లో పోతూ, పాత అలవాటు ప్రకారం, కాస్టీల్‌ను పెద్దకొడుకు సాంచోకు, లియోన్‌ను రెండో కొడుకు ఫెర్నాండోకు పంచాడు. రెండు శాఖలూ అర్ధశతాబ్దానికి పైగా కొట్టుకున్నాయి. కాస్టీల్ శాఖలో సాంచో కొడుకు ఎనిమిదవ అల్ఫోన్సో, అతని కూతురు బెరెంగేలా. లియోన్ శాఖలో ఫెర్నాండో కొడుకు తొమ్మిదవ అల్ఫోన్సో. తగాదా తీర్చడానికి 1197లో తొమ్మిదవ అల్ఫోన్సోకు బెరెంగేలాను ఇచ్చి పెళ్లి చేశారు.

ఇక్కడ మన వరుసల లెక్క వేసి చూడడం సరదాగానే కాదు, ఉపయోగంగానూ ఉంటుంది. తొమ్మిదవ అల్ఫోన్సోకు అంతకుముందే ఒక పెళ్లి అయింది. ఆ మొదటి భార్య తెరేసా పోర్చుగల్ రాజు కూతురు, అల్ఫోన్సో తల్లికి స్వయానా అన్నదమ్ముడి బిడ్డ. అంటే మేనమామ కూతురు. మన ఇళ్లల్లో అయితే కోరి చేసుకునే మేనరికం. రెండో భార్య బెరెంగేలా అతనికి పెదనాన్న కొడుకు కూతురు, అంటే అన్నకూతురు. మన లెక్కలో కూతురు వరుస, ఊహించడానికే ఒప్పుకోం. రోమ్‌లోని చర్చికి ఈ తేడా పట్టదు. తల్లి వైపా తండ్రి వైపా అని చూడకుండా తరాలు లెక్కపెట్టి, దగ్గరి రక్తసంబంధమైతే చాలు చెల్లదంటుంది. అందువల్ల రెండు పెళ్లిళ్లూ రద్దయ్యాయి. మొదటి పెళ్లి మూడు నాలుగేళ్లకు, రెండోది మూడవ ఇన్నోసెంట్ పోప్ పట్టుదల వల్ల 1204లో. ఈ ప్రాంతపు రాజులందరూ ఏదో ఒక తరంలో బంధువులే గనుక, పెళ్లి చేసుకునే ముందు బంధుత్వాన్ని చూసీ చూడనట్టు వదిలేయడం, విడిపోవాలనుకున్నప్పుడో ఎవరైనా ఒత్తిడి తెచ్చినప్పుడో దాన్ని బయటకు తీయడం మామూలైపోయింది. ఉర్రాకా పెళ్లి తెగిపోవడానికి కూడా పైకి చెప్పిన కారణం బంధుత్వమే. పెళ్లి రద్దయినా అప్పటికి పుట్టిన పిల్లలకు సక్రమ సంతానమన్న గుర్తింపు దక్కించుకోవడం అనే మరో పోరాటం ఉండేది. బెరెంగేలా తన కొడుకు ఫెర్నాండో విషయంలో దాన్ని పట్టు విడవకుండా సాధించింది.

1214లో ఎనిమిదవ అల్ఫోన్సో మరణించాడు. కొడుకు ఎన్రికేకు పదేళ్లు. కొద్ది వారాల్లోనే తల్లి కూడా పోవడంతో అక్క బెరెంగేలా సంరక్షకురాలైంది. మరుసటి ఏడే లారా వంశపు అల్వరో నూన్యెస్ బాలరాజును తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ రోజుల్లో రాజు పిల్లవాడైతే, ఆ పిల్లవాడు ఎవరి ఇంట్లో నిద్రపోతే వాళ్లదే రాజ్యం. 1217 జూన్‌లో పాలెన్సియాలో బిషప్ భవనం ఆవరణలో తోటి పిల్లలతో ఆడుకుంటూ ఉండగా, పైనుంచి పెంకు పడి పదమూడేళ్ల ఎన్రికే తలకు దెబ్బ తగిలింది. ఆ దెబ్బతోనే చనిపోయాడు. అల్వరో ఆ వార్త పొక్కకుండా శవాన్ని తన కోటకు తరలించి, రాజు బతికే ఉన్నట్టు పాలన సాగించబోయాడు.

వార్త బెరెంగేలాకు చేరింది. ఆమె చేసిన పని చూడండి. కొడుకు ఫెర్నాండో అప్పుడు తండ్రి దగ్గర టోరోలో ఉన్నాడు. మాజీ భర్తకు విషయం తెలిస్తే కాస్టీల్‌ను తనే మింగేయాలని చూస్తాడు. కాబట్టి తమ్ముడి మరణం సంగతి చెప్పకుండా, నమ్మకస్తులైన ప్రభువులను పంపి, కొడుకును తన దగ్గరకు రప్పించుకుంది. కుర్రవాడు తన చేతికి వచ్చాకనే వ్యవహారం బయటపెట్టింది. జూలై మొదట్లో వయదొలీద్‌లో సమావేశమైన ప్రభువులు, పట్టణాల ప్రతినిధులు కాస్టీల్‌కు న్యాయమైన వారసురాలు బెరెంగేలాయే అని ఒప్పుకున్నారు. ఒప్పుకున్న మరుక్షణం ఆమె ఆ హక్కును కొడుకుకు ఇచ్చేసింది. ఫ్రాన్స్ యువరాజు భార్య అయిన ఆమె చెల్లెలు బ్లాంకాయే పెద్దదనే వాదన కొందరు ప్రత్యర్థులు లేవదీశారు కానీ అది నిలబడలేదు. వయసులో బెరెంగేలాయే స్పష్టంగా పెద్దది.

దీన్ని త్యాగం అని రాసేవాళ్లున్నారు. నేను ఆ మాట వాడను. పెట్రోనిలా చేతికి రాజ్యం ఎన్నడూ రాలేదు. బెరెంగేలా చేతి నుంచి ఎన్నడూ పూర్తిగా పోలేదు. కొడుకు మూడవ ఫెర్నాండో జారీచేసిన శాసనాలలో, తల్లి రాణి బెరెంగేలా సమ్మతితో, ఆమె ఇష్టప్రకారం ఇస్తున్నట్టు పదేపదే కనిపిస్తుంది. కోడళ్లను వెతికి తెచ్చింది ఆమె, రాజు దక్షిణాన యుద్ధంలో ఉంటే ఉత్తరాన వ్యవహారం నడిపింది ఆమె. తాను సింహాసనం మీద కూర్చుంటే, సైన్యం నడపడానికి భర్త ఏడని ప్రభువులు అడిగేవాళ్లు, మాజీ భర్త ఆ సందుతో లోపలికి వచ్చేవాడు. కొడుకును కూర్చోబెడితే రెండు ప్రశ్నలకూ నోళ్లు మూతపడతాయి. ఆమె లెక్క అది.

1230లో ఆ మాజీ భర్త మరణించాడు. మొదటి భార్య తెరేసాకు పుట్టిన సాంచా, దుల్సే అనే ఇద్దరు కూతుళ్లకు లియోన్ రాజ్యం రాసిపోయాడు. కొడుకు ఉండగా కూతుళ్లకు రాజ్యమివ్వడం ఆడపిల్లల మీద అభిమానం వల్ల కాదనుకుంటాను. కాస్టీల్‌వాళ్లకు దక్కకూడదన్న కసే ఎక్కువ. యుద్ధం తప్పదనుకున్న సమయంలో ఆ ఇద్దరు మాజీ భార్యలు, మన మాటలో సవతులు, కలుసుకుని మాట్లాడుకున్నారు. డిసెంబరు 11న బెనవెంతేలో ఒప్పందం ఖాయమైంది. సాంచా, దుల్సే తమ హక్కు వదులుకున్నారు. బదులుగా ఏటా ముప్పై వేల మరవేదీ నాణేల భరణం పొందారు. లియోన్ ఫెర్నాండోకు వచ్చింది. ఆ తర్వాత కాస్టీల్, లియోన్ శాశ్వతంగా విడిపోవడం జరగలేదు. రెండు యుద్ధాలకు సరిపడే తగాదా ఇద్దరు స్త్రీల చర్చతో తీరింది. పెళ్లి రద్దయిన ఆ ఇద్దరినీ కలిపింది, వాళ్లను అలా చేసిన ఒకే మగవాడు అన్నది వేరే సంగతి.

ఇప్పటిదాకా చెప్పిన ఏ సందర్భంలోనూ ఫలానా చట్టం ప్రకారం అని ఎవరూ అనలేదని మీరు గమనించే ఉంటారు. చట్టం రాయడానికి పూనుకున్నది ఫెర్నాండో కొడుకు పదవ అల్ఫోన్సో. అతని ఆస్థానంలో రూపుదిద్దుకున్న సియేతే పార్తీదాస్ అనే ధర్మశాస్త్రంలో, రెండో భాగంలో వారసత్వ క్రమం ఉంది. పెద్దకొడుకుకే రాజ్యం. కొడుకులు లేకపోతే పెద్దకూతురికి. పెద్దకొడుకు తండ్రి ఉండగానే చనిపోతే, అతనికి ధర్మపత్ని వల్ల పుట్టిన కొడుకో కూతురో ఆ స్థానానికి వస్తారు కానీ, చనిపోయినవాడి తమ్ముడు రాడు. చదవడానికి ఎంత తేటగా ఉందో చూడండి. 1275లో రాసినవాడి ఇంట్లోనే పరీక్ష వచ్చింది. పెద్దకొడుకు ఫెర్నాండో దె లా సెర్దా ఇద్దరు చిన్నపిల్లల్ని వదిలి చనిపోయాడు. ఆఫ్రికా నుంచి, మొరాకోను ఏలే మరీనిద్ వంశపు సైన్యం వచ్చిపడిన రోజులవి; ముందుకు వచ్చి సైన్యాన్ని నడిపినవాడు రెండో కొడుకు సాంచో. మనుమలా, రెండో కొడుకా? మనుమల తల్లి బ్లాంకా ఫ్రాన్స్ రాజు తొమ్మిదవ లూయీ కూతురు గనుక ఫ్రాన్స్ మనుమల పక్షం పట్టింది. అల్ఫోన్సో ముందు కొడుకువైపు, తర్వాత మనుమలవైపు ఊగాడు. 1282లో వయదొలీద్‌లో కూడినవాళ్లు అతని పాలనాధికారాన్ని తీసి సాంచోకు ఇచ్చారు. తండ్రి తన వీలునామాలో సాంచోను శపించి, వారసత్వం నుంచి తొలగించాడు, 1284లో మరణించాడు. సాంచోయే రాజయ్యాడు. అంటే తేటతెల్లంగా రాసిన చట్టం ఉండగా, రాసిన రాజు నోటిమాట, చేతి రాత రెండూ ఉండగా, కత్తి పట్టుకున్న కొడుకు గెలిచాడు.

అరగాన్‌లో పెట్రోనిలా వీలునామా నీడ చాలాకాలం పోలేదు. 1347లో నాలుగవ పెద్రో రాజుకు కొడుకులు లేక, కూతురు కోన్‌స్తాన్సాను వారసురాలిగా ప్రకటిస్తే, తనకు దక్కవలసింది పోతున్నదని తమ్ముడు ఉర్గెల్ కౌంటు హౌమె ప్రభువులను కూడగట్టి తిరగబడ్డాడు. 1396లో మొదటి హువాన్ వేటలో మరణించినప్పుడు ఇద్దరు కూతుళ్లు ఉన్నా, రాజ్యం తమ్ముడు మార్తీన్‌కు పోయింది. ఆ మార్తీన్ 1410లో వారసుడు లేకుండా మరణించడంతో రెండేళ్లు సింహాసనం ఖాళీగా ఉంది. చివరికి అరగాన్, కాటలోనియా, వాలెన్సియాల నుంచి ముగ్గురేసి చొప్పున తొమ్మిదిమంది పెద్దలు కాస్పే పట్టణంలో కూర్చుని విచారించారు. మగవారి గీత మాత్రమే చూస్తే ఉర్గెల్ కౌంటు, మరో హౌమె, ముందుండాలి. ఆరుగురి మద్దతుతో 1412 జూన్ 28న ప్రకటించిన పేరు మాత్రం కాస్టీల్ యువరాజు ఫెర్నాండోది. అతని హక్కు తల్లి లియోనోర్ నుంచి వచ్చింది; ఆమె నాలుగవ పెద్రో కూతురు, మార్తీన్ తోబుట్టువు. ఆడపిల్ల తాను ఏలడానికి పనికిరాదు కానీ, ఆమె కడుపున పుట్టిన మగవాడికి హక్కు ఇవ్వడానికి పనికివస్తుందన్నమాట. ఆ తీర్పు వెనుక ఫెర్నాండో డబ్బు, సైన్యం, పోప్ పరిచయం కూడా ఉన్నాయి, అది దాచవలసిన సంగతి కాదు.

ఆ ఫెర్నాండో మనుమడే కాస్టీల్ రాజకుమారి ఇసబెల్‌ను పెళ్లాడిన ఫెర్నాండో. 1474 డిసెంబరు 13న, ఆమె అన్న, కాస్టీల్ రాజు నాలుగవ ఎన్రికే చనిపోయిన రెండు రోజులకే, ఎన్రికే కూతురు హువానా హక్కును కాదని, ఇసబెల్ సెగోవియాలో తనను కాస్టీల్ రాణిగా ప్రకటించుకుంది. ఊరేగింపులో ఆమె ముందు ఒర తీసిన కత్తి పట్టుకుని నడిపించారు. శిక్షించే అధికారానికి గుర్తైన ఆ కత్తి మగవాడి ముందు నడవవలసిందని సరగోసాలో ఉన్న భర్త మండిపడ్డాడు. కాస్టీల్ వంశంలో తానే దగ్గరి మగవాడినన్నది అతని పక్షం వాదన. ఇసబెల్ ఇచ్చిన సమాధానాన్ని ఆనాటి చరిత్రకారుడు నమోదు చేశాడు. మనకు ఉన్నది ఒక్క కూతురే. ఆడదానికి రాజ్యం లేదంటే రేపు మన బిడ్డకు ఏం మిగులుతుంది అన్నది దాని సారం. 1475 జనవరిలో సెగోవియా ఒప్పందంతో ఆ గొడవ సర్దుకుంది. కాస్టీల్‌కు వారసురాలు ఆమె, పాలన ఇద్దరిదీ.

ఆ ఒక్క కూతురి విషయంలోనే అరగాన్ తన పాత పట్టు చూపించింది. ఆ దంపతులకు తర్వాత పుట్టిన కొడుకు హువాన్ 1497లో చనిపోగా, 1498లో పెద్దకూతురు ఇసబెల్‌ను వారసురాలిగా అంగీకరించడానికి తొలెదోలో కాస్టీల్ సభ జంకలేదు. సరగోసాలో అరగాన్ సభ మాత్రం ఆడపిల్లకు ప్రమాణం చేయడానికి నెలల తరబడి నసిగింది. ఆమె అప్పుడు నిండు గర్భిణి. మగపిల్లవాడు పుడితే చిక్కు తీరిపోతుంది కదా అని ఆగినట్టు కనిపిస్తుంది. ఆగస్టులో కొడుకును కని ఆమె మరణించింది. సభ ఆ నెల నిండని పిల్లవాడికి వెంటనే ప్రమాణం చేసింది. రెండేళ్లు నిండకుండానే ఆ పిల్లవాడూ పోయాడు. 1502లో ఇక గత్యంతరం లేక రెండో కూతురు హువానాకు ప్రమాణం చేశారు, అదీ రాజుకు మళ్లీ కొడుకు పుడితే చెల్లదన్న షరతు మీద. రాణి ఇసబెల్ మరణం తర్వాత ఫెర్నాండో ఫ్వా వంశపు జెర్మేన్‌ను పెళ్లాడి, 1509లో నిజంగానే కొడుకును కన్నాడు. ఆ శిశువు కొన్ని గంటలే బతికాడు. బతికి ఉంటే అరగాన్ ఒకరిది, కాస్టీల్ ఒకరిది అయ్యేవి. 1518లో సరగోసా సభ హువానా కొడుకు కార్లోస్‌ను రాజుగా అంగీకరించింది, అయితే తల్లితో కలిపి మాత్రమే. ఆ తల్లి తొమ్మిదేళ్లుగా తోర్దెసియాస్‌లో నిర్బంధంలో ఉంది. అయినా 1555లో ఆమె పోయేదాకా రాజపత్రాల మీద, నాణేల మీద ఆమె పేరే ముందు, కొడుకు పేరు తర్వాత.